యమున తూర్పు తీరాన రైలు మార్గాలు: లక్ష్మీ నగర్ నేర్పే ఋణ పాఠం

ఒక ప్రాంతం మీదుగా రైలు మార్గం రాబోతున్నదన్న వార్త పుట్టగానే, రైలు కంటె ముందుగా భూమి ధర కదులుతుంది. ఆ వెనుక ఇళ్ళ అద్దెలు, దుకాణాల పగడీలు, చివరకు అప్పులు కదులుతాయి. మార్గం పూర్తయి రైళ్ళు నడిచేనాటికి కొందరు లాభపడతారు, కొందరు వడ్డీలు కట్టుకుంటూ మిగిలిపోతారు. రైలు మార్గం కూడా ఒక విధంగా ఋణగ్రహీతయే. పెద్ద మొత్తంలో అప్పు తెచ్చి, ఆస్తిని సృష్టించి, రోజువారీ రాబడితో ఆ అప్పును తీర్చవలసిన బాధ్యత దానిపై ఉన్నది. అందువల్ల ఒక రైలు మార్గపు చరిత్రను పరిశీలిస్తే ట్రాక్టరు కొన్న రైతుకు, ఎరువుల దుకాణం నడిపే డీలరుకు పనికివచ్చే విషయాలు అనేకం కనిపిస్తాయి.

దేశ రాజధాని ఢిల్లీలో యమునా నదికి తూర్పున ఉన్న లక్ష్మీ నగర్, దాని చుట్టుపక్కల ప్రాంతాలు ఇందుకు తగిన ఉదాహరణ. నూట అరవై ఏళ్ళ కాలంలో ఈ తీరాన నాలుగు తరాల రైళ్ళు నడిచాయి. వాటిలో ఒకటి నష్టాలతో మూతపడి, మరో రూపంలో తిరిగి వచ్చింది. ఒకటి విదేశీ ఋణంతో నిర్మితమై నగర జీవనాన్నే మార్చివేసింది. మరొకటి ఢిల్లీకి వెలుపలి పట్టణాలను, పల్లెలను రాజధానితో కలుపుతున్నది.

వంతెన, ఆపైన చిన్న రైలు

ఢిల్లీకి రైలు తూర్పు దిక్కు నుండే వచ్చింది. కలకత్తా నుండి ఈస్టిండియా రైల్వే కంపెనీ వేసిన మార్గం యమునా నదిపై ఇనుప వంతెన పూర్తి కావడంతో 1867లో ఢిల్లీ నగరంలో ప్రవేశించింది. పైన రైళ్ళు, కింద బండ్లు నడిచే ఆ రెండంతస్తుల వంతెనను ఢిల్లీ వాసులు ఇనుప వంతెన అనే పిలుస్తారు. వంతెనకు తూర్పున తొలి ముఖ్య స్టేషను షాహదరా. నేటి లక్ష్మీ నగర్‌కు ఉత్తరంగా కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊరే తరువాత మరొక మార్గానికి ఆరంభ స్థానమైనది.

1907లో షాహదరా నుండి సహారన్‌పూర్ వరకు సుమారు 150 కిలోమీటర్ల పొడవున ఒక లైట్ రైల్వే ప్రారంభమైనది. దీనిని నిర్మించి నడిపినది మార్టిన్ కంపెనీ. కలకత్తా కేంద్రంగా పనిచేసిన ఈ సంస్థను ఆక్విన్ మార్టిన్, రాజేంద్రనాథ్ ముఖర్జీ స్థాపించారు. వంగదేశంలోను, బీహారులోను ఇటువంటి చిన్న మార్గాలను ఈ సంస్థ అనేకం నడిపింది.

షాహదరా మార్గంలో పట్టాల మధ్య దూరం 762 మిల్లీమీటర్లు, అనగా రెండున్నర అడుగులు. పెద్ద రైళ్ళు నడిచే బ్రాడ్ గేజిలో ఈ దూరం 1,676 మిల్లీమీటర్లు. గేజి సన్నగిల్లిన కొద్దీ కట్ట వెడల్పు, వంతెనల బరువు, ఇంజను ఖరీదు తగ్గుతాయి, మలుపులు తిప్పడం సులువవుతుంది. ప్రధాన మార్గానికి పెట్టవలసిన పెట్టుబడిలో కొద్ది భాగంతోనే పల్లెలకు రైలు చేరుతుంది. లైట్ రైల్వేల వెనుక ఉన్న ఆలోచన ఇదే.

ఈ మార్గం గంగా యమునల నడిమి దేశం గుండా సాగింది. బాగ్‌పత్, బడౌత్, శామ్లీ, థానా భవన్ మొదలైనవి ఈ దారిలోని ఊళ్ళు. ఇది గోధుమ, చెరకు పండే సారవంతమైన నేల. 1932లో చక్కెర పరిశ్రమకు రక్షణ కల్పించే చట్టం వచ్చిన పిమ్మట ఉత్తర ప్రదేశ్ పశ్చిమ భాగంలో చక్కెర మిల్లులు వేగంగా వెలిశాయి. శామ్లీలో అటువంటి మిల్లు 1933లో మొదలైనది. మన అనకాపల్లి బెల్లం విపణికి దీటైన ముజఫర్‌నగర్ విపణి కూడా ఈ ప్రాంతంలోనిదే.

చిన్న రైలు ఎందుకు ఆగింది?

అరవై మూడేళ్ళు నడిచిన పిమ్మట 1970లో ఈ మార్గం మూతపడింది. నష్టాలు పెరిగిపోవడమే ఇందుకు కారణం. సారవంతమైన నేల, జనసమ్మర్దం గల పల్లెలు, ఒక చివర దేశ రాజధాని ఉండి కూడా నష్టం ఎందుకు వచ్చింది? సన్న గేజి మార్గాలన్నిటినీ పీడించిన బలహీనతలను గమనిస్తే సమాధానం దొరుకుతుంది.

మొదటిది సరుకు మార్పిడి. సన్న గేజి బండిలో వచ్చిన బస్తాలను పెద్ద రైలు పట్టాలు కలిసే చోట దింపి, మళ్ళీ వేరే వ్యాగన్లలోకి ఎక్కించాలి. ప్రతి మార్పిడికి హమాలీ ఖర్చు, తరుగు, ఆలస్యం తప్పవు. రేక్ పాయింటు నుండి తమ దుకాణానికి ఎరువులు తెప్పించుకునే మన డీలర్లకు ఈ బాధ బాగా తెలుసు. ఒక రేకులో రెండున్నర వేల టన్నులకు పైగా సరుకు వందల కిలోమీటర్లు చవకగా వస్తుంది. చివరి నలభై కిలోమీటర్ల లారీ కిరాయి, రెండుసార్ల ఎగుమతి దిగుమతి కూలి ఆ ఆదాను హరించివేస్తాయి.

రెండవది వేగం. తేలిక పట్టాలపై చిన్న ఇంజను లాగే బండి నెమ్మదిగా నడుస్తుంది. స్వాతంత్ర్యానంతరం రోడ్లు బాగుపడి బస్సులు, లారీలు పెరిగాయి. ఇంటి ముందు ఆగే బస్సును వదలి స్టేషనుకు నడచిపోయే ప్రయాణికులు తగ్గారు. లారీ పొలం గట్టు వద్దనే బెల్లం దిమ్మలను ఎక్కించుకొని నేరుగా మండీలో దింపుతుంది.

మూడవది స్థిర వ్యయం. బండిలో పది మంది ఎక్కినా, వంద మంది ఎక్కినా గార్డు జీతం, గేటు కాపలాదారు జీతం, పట్టాల మరమ్మతు ఖర్చు మారవు. రాబడి తగ్గినప్పుడు ఖర్చు కూడా తగ్గితే వ్యాపారం కొంతకాలం నిలుస్తుంది. రైల్వేలో ఆ వెసులుబాటు లేదు. హౌరా, ఆమ్తా మధ్య నడిచిన మార్టిన్ సంస్థ చిన్న రైలు సైతం 1971లో ఆగిపోవడం గమనార్హం.

అయితే షాహదరా కథ అక్కడ ముగియలేదు. రైలు అవసరం ఆ ప్రాంతానికి తీరిపోలేదు. ఇదే దారిలో 1970వ దశకం ముగిసేలోగా బ్రాడ్ గేజి మార్గం సిద్ధమై, పెద్ద రైళ్ళు నడవసాగాయి. సరుకు మార్పిడి బెడద తొలగింది. దీనిని బట్టి ప్రయాణికులు లేక రైలు పోలేదనీ, ఆ కాలపు అవసరానికి ఆ పరికరం చాలకపోయినదనీ గ్రహించవచ్చు. వ్యాపారం నష్టపోయినప్పుడు గిరాకీయే లేదా, లేక మన సాధనం పాతబడినదా అని విడదీసి చూడడం అవసరం. మొదటి దానికి మందు వ్యాపారం మార్చడం. రెండవ దానికి మందు పరికరం మార్చడం. ఈ రెంటినీ కలగలిపి చూసేవారు పాత యంత్రం మీదనే కొత్త అప్పు చేస్తూ పోతారు.

మన నౌపడ మార్గం చూపిన ఓర్పు

ఇదే రెండున్నర అడుగుల గేజితో మన శ్రీకాకుళం జిల్లాలోని నౌపడ నుండి పర్లాకిమిడికి ఒక మార్గం 1900 ఏప్రిల్ 1న ప్రారంభమైనది. పర్లాకిమిడి సంస్థానాధీశులు సుమారు 7 లక్షల రూపాయల వ్యయంతో దీనిని నిర్మింపజేశారు. ఉప్పు కొఠార్లకు పేరుపొందిన నౌపడ అప్పటికే మద్రాసు, కలకత్తాల మధ్యనున్న ప్రధాన మార్గంపై స్టేషను. తమ పట్టణాన్ని ఆ మార్గంతో కలపడం సంస్థానం ఉద్దేశం.

మొదటి సంవత్సరాలలో ఈ మార్గానికి నష్టాలే వచ్చాయి. 1910 తరువాత గాని స్వల్ప లాభాలు కనిపించలేదు. 1924-25 అనంతరం రాబడి మెరుగుపడింది. ఆ తరువాతనే 1929, 1931 సంవత్సరాలలో రెండు దశలుగా మార్గాన్ని గుణుపూరు వరకు పొడిగించారు. కొత్త శతాబ్దం వరకు నడిచిన సన్న గేజి బండిని 2004లో ఆపి, బ్రాడ్ గేజికి మార్చి, 2010లో నౌపడ, పర్లాకిమిడి మధ్య రైళ్ళను పునరుద్ధరించారు.

ఈ వరుసలో ఒక క్రమశిక్షణ ఉన్నది. మొదటి భాగం తన కాళ్ళపై తాను నిలిచిన తరువాతనే రెండవ భాగానికి పెట్టుబడి పెట్టారు. పదేళ్ళ నష్టాన్ని భరించగల యజమాని వెనుక ఉండడం వల్లనే ఆ మార్గం బ్రతికింది. మామిడి, కొబ్బరి, ఆయిల్ పామ్ వంటి తోటలు వేసే రైతులు కూడా ఇదే స్థితిలో ఉంటారు. మొక్క నాటిన నాటి నుండి కాపు వచ్చే వరకు రాబడి ఉండదు. అందుకే తోటల ఋణాలలో అసలు చెల్లింపునకు ఆరంభంలో విరామ కాలం ఉంటుంది. అంతకాలం ఇంటిని నడపడానికి అంతర పంటలో, పాడి పశువులో ఉండాలి. ఆ ఏర్పాటు లేకుండా పొలమంతా ఒకేసారి తోటగా మార్చడం సాహసమే అవుతుంది.

లక్ష్మీ నగర్‌కు మెట్రో రాక

ఢిల్లీ మెట్రో రైల్ కార్పొరేషన్ 1995 మే నెలలో ఏర్పడింది. కేంద్ర ప్రభుత్వం, ఢిల్లీ ప్రభుత్వం ఇందులో సమాన వాటాదారులు. సంస్థకు తొలి మేనేజింగ్ డైరెక్టరుగా 2011 వరకు పనిచేసిన ఇ. శ్రీధరన్ ఇంజనీరింగు విద్యను మన కాకినాడ ప్రభుత్వ ఇంజనీరింగు కళాశాలలో అభ్యసించడం తెలుగువారికి సంతోషం కలిగించే విషయం.

ఢిల్లీ మెట్రో తొలి రైలు కూడా యమున తూర్పు తీరం నుండే బయలుదేరింది. షాహదరా, తీస్ హజారీల మధ్య 8 కిలోమీటర్లకు పైగా ఉన్న మార్గాన్ని 2002 డిసెంబరు 24న నాటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించారు. చిన్న రైలు పుట్టిన ఊరే మెట్రోకు సైతం పుట్టినిల్లు అయినదన్న మాట.

లక్ష్మీ నగర్‌కు మెట్రో చేరడానికి మరో ఏడేళ్ళు పట్టింది. నీలి మార్గమని పిలిచే మూడవ మార్గం 2005 డిసెంబరు 31న ద్వారక నుండి బారాఖంబా రోడ్ వరకు మొదలైనది. 2006 నవంబరులో ఇంద్రప్రస్థకు, 2009 మే నెలలో నదిని దాటి యమునా బ్యాంక్ స్టేషనుకు, అదే సంవత్సరం నవంబరులో నోయిడాకు విస్తరించింది. యమునా బ్యాంక్ నుండి చీలిన శాఖ 2010 జనవరి 6న ఆనంద్ విహార్ వరకు ప్రారంభమైనది. సుమారు 6 కిలోమీటర్ల ఈ శాఖలో లక్ష్మీ నగర్ మొదటి స్టేషను. నిర్మాణ్ విహార్, ప్రీత్ విహార్, కడ్‌కడ్‌డూమా తరువాతి స్టేషన్లు. 2011 జూలై 14న ఈ శాఖ కౌశాంబి మీదుగా ఉత్తర ప్రదేశ్‌లోని వైశాలికి చేరింది.

మార్గం నడిచే విధానం

ఈ మార్గంలో పట్టాలు బ్రాడ్ గేజివే. పైనున్న తీగ నుండి 25 వేల వోల్టుల విద్యుత్తు అందుతుంది. లక్ష్మీ నగర్ వద్ద వికాస్ మార్గ్ అనే రద్దీ రహదారి మీదుగా స్తంభాలపై మార్గం సాగుతుంది. నగరం మధ్య భూమి సేకరించడం కష్టం, ఖరీదు కూడా. రోడ్డు నడుమ స్తంభాలు నిలిపి పైన రైలు నడపడం వల్ల ఆ రెండు ఇబ్బందులూ తగ్గాయి.

ద్వారక వైపు నుండి వచ్చే రైళ్ళు యమునా బ్యాంక్ వద్ద రెండు పాయలుగా విడిపోతాయి. కొన్ని నోయిడా వైపు, కొన్ని లక్ష్మీ నగర్ మీదుగా వైశాలి వైపు వెళతాయి. అందుచేత కొత్తగా వచ్చినవారు ఎక్కే ముందు రైలు నుదుట రాసి ఉన్న గమ్యస్థానాన్ని చూసుకోవాలి. పొరపాటున రెండవ పాయకు చెందిన రైలు ఎక్కినవారు యమునా బ్యాంక్‌లో దిగి మారితే సరిపోతుంది. రైలు నడిచే దిశలో మొదటి పెట్టెను 2010 అక్టోబరు నుండి మహిళలకు ప్రత్యేకించారు.

రైలు ఆగేటప్పుడు పుట్టే శక్తిని విద్యుత్తుగా మార్చి తిరిగి తీగలోకి పంపే ఏర్పాటు ఈ రైళ్ళలో ఉన్నది. ఒక రైలు బ్రేకు వేయగా పుట్టిన కరెంటును సమీపంలోని మరో రైలు వాడుకుంటుంది. దీనివల్ల విద్యుత్తు బిల్లు తగ్గడమే గాక, ఐక్యరాజ్య సమితి పథకం కింద కర్బన ఉద్గారాల తగ్గింపునకు గుర్తింపు కూడా సంస్థకు లభించింది. వృథాగా పోయే దానిని రాబడిగా మార్చుకోవడం పెద్ద సంస్థలకే పరిమితం కానవసరం లేదు. పాడి రైతు పెడతో గోబర్ గ్యాసు, ఎరువు తయారు చేసుకోవడం ఈ సూత్రమే.

అప్పు తీరే దారి

మెట్రో మొదటి దశలో సుమారు 65 కిలోమీటర్ల నిర్మాణానికి 10,571 కోట్ల రూపాయలు ఖర్చయినవి. ఇందులో దాదాపు 60 శాతం జపాన్ ప్రభుత్వ సంస్థ ఇచ్చిన ఋణం. పదేళ్ళ పనిని సుమారు ఏడేళ్ళలో పూర్తి చేయగలిగారు. నిర్మాణం ఆలస్యమైన కొద్దీ వడ్డీ పెరుగుతుంది, రాబడి వెనుకపడుతుంది. కనుక సకాలంలో పని ముగించడమే పెద్ద పొదుపు.

ఈ ఋణంలో మూడు గుణాలు ఉన్నవి. వడ్డీ తక్కువ, గడువు దీర్ఘం, మొదటి సంవత్సరాలలో అసలు చెల్లించనవసరం లేదు. దశాబ్దాల పాటు ఉపయోగపడే ఆస్తికి దశాబ్దాల గడువు గల ఋణం తగినది. ఇదే ఆస్తిని స్వల్పకాలిక ఋణంతో కడితే ఎంతటి సంస్థ అయినా వాయిదాల భారంతో కుంగిపోక తప్పదు.

మన హైదరాబాద్ అనుభవం దీనికి మరో పక్క. 2017 నవంబరులో ప్రారంభమైన హైదరాబాద్ మెట్రో మూడు మార్గాలలో సుమారు 69 కిలోమీటర్లు విస్తరించినది. దీనిని ప్రభుత్వ భాగస్వామ్యంతో ఎల్ అండ్ టి అనే ప్రైవేటు సంస్థ నిర్మించి నడిపింది. ఋణభారం, నష్టాల నేపథ్యంలో దాదాపు 13,000 కోట్ల రూపాయల అప్పుతో సహా ఆ మార్గాలను స్వాధీనం చేసుకోవడానికి 2025 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం సూత్రప్రాయంగా అంగీకరించింది. ప్రయాణికులకు మేలు చేసే మార్గం కూడా అప్పు తీరు సరిపడకపోతే యజమానికి భారం కాగలదు.

టిక్కెట్టు డబ్బుతోనే మెట్రో నడవదు. స్టేషన్లలో దుకాణాల అద్దె, ప్రకటనలు, స్థలాల అభివృద్ధి, ఇతర నగరాలకు సాంకేతిక సలహాలు ఇవన్నీ ఆదాయ మార్గాలే. చార్జీలు పెంచడానికి సైతం హద్దు ఉన్నది. 2017లో రెండు విడతలుగా చార్జీలు పెంచినప్పుడు ప్రయాణికుల సంఖ్య తగ్గడం పెద్ద చర్చకు దారి తీసింది. ఆ తరువాత 2025 ఆగస్టు వరకు చార్జీల పట్టిక మారలేదు. 2020 మార్చి 22 నుండి సెప్టెంబరు 7 వరకు కరోనా కారణంగా రైళ్ళు పూర్తిగా నిలిచిపోయాయి. రాబడి ఆగిన ఆ అయిదున్నర నెలలూ జీతాలు, నిర్వహణ ఖర్చులు ఆగలేదు. కష్టకాలానికి కొంత నిల్వ ఉంచుకోని వ్యాపారం ఎంత పెద్దదైనా బలహీనమే.

అద్దెలు పెరిగిన వైనం

మెట్రో రాకతో లక్ష్మీ నగర్ నుండి ఢిల్లీ నడిబొడ్డుకు ప్రయాణం సుళువైనది. చార్టర్డ్ అకౌంటెన్సీ పరీక్షలకు శిక్షణ ఇచ్చే సంస్థలకు ఈ పేట ప్రసిద్ధి పొందినది. వివిధ రాష్ట్రాల నుండి వచ్చిన విద్యార్థులు, చిన్న ఉద్యోగులు, కూలీలు ఇక్కడి ఇరుకు వీధులలో గదులు అద్దెకు తీసుకుంటారు. ఇటువంటి చోట గది గదికీ గిరాకీ ఉండడంతో ఉన్న ఇంటిపై మరో అంతస్తు వేయాలన్న ఆశ యజమానులకు కలుగుతుంది.

ఆ ఆశ ఎంతటి అనర్థం తేగలదో 2010 నవంబరు 15న లోకానికి తెలిసింది. లక్ష్మీ నగర్‌లోని లలితా పార్కులో బహుళ అంతస్తుల అద్దె ఇల్లు రాత్రివేళ కూలిపోయి అరవై మందికి పైగా మరణించారు. మృతులలో అధికులు పొట్ట చేతబట్టుకొని వచ్చిన వలస కుటుంబాలవారు. అనుమతి లేని అంతస్తులు, ఆ ఏడాది యమున వరదల పిమ్మట నేలలో నిలిచిన తేమ చర్చకు వచ్చాయి. పునాది బలాన్ని మించి అంతస్తు వేయడం, చెల్లింపు శక్తిని మించి అప్పు చేయడం ఒకే జాతి పొరపాట్లు. మొదటి దానిలో ప్రాణాలు పోతాయి గనుక అది మరింత ఘోరం. పిల్లలను దూర నగరాలకు చదువుకు పంపే తల్లిదండ్రులు కోచింగు ఫీజుతో పాటు బస చేసే ఇంటి స్థితిని కూడా విచారించడం మంచిది. విద్యా ఋణం కోరేటప్పుడు వసతి, భోజన ఖర్చులను అంచనాలో ముందే చేర్చాలి. లేనిచో మధ్యలో చేబదులుకు వెళ్ళవలసి వస్తుంది.

మీరట్ వరకు ప్రాంతీయ రైలు

మెట్రో నగరానికి సంబంధించినది. నగరం చుట్టూ ఉన్న పట్టణాలకు అంతకంటె వేగవంతమైన రైలు కావలసి వచ్చింది. ఇందుకోసం కేంద్రం 50 శాతం, ఢిల్లీ, హర్యానా, ఉత్తర ప్రదేశ్, రాజస్థాన్ ప్రభుత్వాలు ఒక్కొక్కటి 12.5 శాతం వాటాతో జాతీయ రాజధాని ప్రాంత రవాణా సంస్థను ఏర్పాటు చేశాయి. ఢిల్లీ, ఘజియాబాద్, మీరట్‌లను కలిపే 82 కిలోమీటర్ల మార్గానికి 2019 మార్చి 8న శంకుస్థాపన జరిగింది. మంజూరైన వ్యయం 30,274 కోట్ల రూపాయలు. ఆసియా అభివృద్ధి బ్యాంకు సుమారు 100 కోట్ల డాలర్లు, మరి రెండు అంతర్జాతీయ బ్యాంకులు చెరి 50 కోట్ల డాలర్లు ఋణంగా అంగీకరించాయి.

నమో భారత్ అని పేరు పెట్టిన ఈ రైళ్ళు గంటకు 160 కిలోమీటర్ల వేగంతో నడిచేలా రూపొందాయి. వీటి రూపకల్పన హైదరాబాద్‌లోని ఇంజనీరింగు కేంద్రంలోను, తయారీ గుజరాత్‌లోని సావ్లీలోను జరిగినవి. మార్గాన్ని అంతా పూర్తయ్యేదాకా ఆపకుండా దశలవారీగా తెరిచారు. 2023 అక్టోబరులో సాహిబాబాద్, దుహాయీల మధ్య 17 కిలోమీటర్లు, 2024లో మోదీనగర్, ఆపైన మీరట్ సౌత్ వరకు, 2025 జనవరి 5న ఢిల్లీలోని ఆనంద్ విహార్, న్యూ అశోక్ నగర్ వరకు రైళ్ళు వచ్చాయి. సిద్ధమైన భాగం వెంటనే రాబడి తేవడం ఈ పద్ధతిలోని సౌలభ్యం. లక్ష్మీ నగర్ వాసి నీలి మార్గంలో ఆనంద్ విహార్ చేరి, అక్కడ ఈ రైలు ఎక్కి మీరట్ వైపు పోవచ్చు. మెట్రో, ప్రాంతీయ రైలు, రైల్వే టెర్మినల్, బస్సు స్టేషను ఒకే చోట ఉండడం వల్ల, ఆనాటి చిన్న రైలును బాధించిన మార్పిడి కష్టం ప్రయాణికులకు చాలవరకు తగ్గింది.

మన రైతులు, డీలర్లు గమనించవలసినవి

మన ఉత్పత్తులకు ఢిల్లీ పెద్ద విపణి. 2020 సెప్టెంబరు 9న అనంతపురం నుండి ఢిల్లీకి కిసాన్ రైలు బయలుదేరినప్పుడు రాయలసీమ పండ్లు నేరుగా రాజధానికి చేరాయి. అప్పట్లో పండ్లు, కూరగాయల రవాణా చార్జీపై 50 శాతం రాయితీ లభించింది. రేణిగుంట నుండి ఢిల్లీకి పాల రైలు కూడా అదే సంవత్సరం నడిచింది. రైలులో పంపదలచిన రైతులు ఒక్కొక్కరుగా కాక ఉత్పత్తిదారుల సంఘంగా కూడి, సరుకు పరిమాణం నిశ్చయించుకొని, రాయితీ ఆనాటికి అమలులో ఉన్నదీ లేనిదీ స్టేషనులో విచారించి లెక్క వేసుకోవాలి. రాయితీ ఉంటేనే గిట్టుబాటయ్యే వ్యాపారానికి పెద్ద అప్పు చేయరాదు.

ఆస్తి కొనే ముందు, దానికి ఎన్ని రోజుల పని దొరుకుతుందో లెక్కించడం అన్నిటికంటె ముఖ్యం. ఉదాహరణకు ఒక రైతు ట్రాక్టరు, ట్రయిలరు కొన్నాడనుకుందాం. సంవత్సరానికి వాయిదా 1,50,000 రూపాయలు. డీజిలు, డ్రైవరు కూలి, మరమ్మతులు పోగా రోజుకు 1,000 రూపాయలు మిగులుతున్నవి. వాయిదా కట్టడానికి 150 రోజుల పని కావాలి. ఊరిలో అప్పటికే పది ట్రాక్టర్లు ఉండి, 100 రోజుల పనే దొరికితే 50,000 రూపాయలు లోటు పడుతుంది. రోటవేటరు కిరాయి వంటి మరో రాబడితో ఆ లోటు పూడ్చుకోగలడా అన్నది కొనడానికి ముందే తేలవలసిన ప్రశ్న. షాహదరా చిన్న రైలును ముంచినది ఈ లెక్కే.

రైలు మార్గం వస్తుందన్న పుకారుతో ప్లాట్లు కొనేవారికి మరొక హెచ్చరిక. సర్వే జరగడం వేరు, మంజూరు కావడం వేరు, నిధులు కేటాయించడం వేరు, భూసేకరణ ప్రకటన వెలువడడం వేరు. వీటి మధ్య సంవత్సరాలు గడవవచ్చు. మన కాకినాడ, కోటిపల్లి మార్గం 1928లో మొదలై, రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో పట్టాలు పెకలించబడి, తిరిగి 2004లో గాని రాలేదు. అన్ని దశాబ్దాల వడ్డీ ఏ కుటుంబమూ భరించలేదు. పంట ఋణాన్ని, బంగారంపై తెచ్చిన అప్పును స్థలాలపై పెట్టడం వల్ల వడ్డీ రాయితీ పోవడమే గాక, విత్తనాల వేళకు చేతిలో పైకం ఉండదు.

తమ భూమి మార్గంలో పోతున్న రైతులు రికార్డులు ముందే సరిచేసుకోవాలి. పట్టాదారు పాసు పుస్తకం, అడంగల్ లేదా పహాణీ, వారసత్వ మార్పులు సరిగా లేకుంటే పరిహారం ఆగిపోతుంది. 2014 జనవరి నుండి అమలులోనికి వచ్చిన భూసేకరణ చట్టం ప్రకారం గ్రామీణ ప్రాంతాలలో పరిహారం మార్కెటు విలువకు నాలుగు రెట్ల వరకు ఉండవచ్చు. ఆ పైకం రాగానే ముందుగా ఎక్కువ వడ్డీ అప్పులు తీర్చి, మిగిలిన దానితో రాబడినిచ్చే ఆస్తిని సమకూర్చుకోవడం వివేకం. భూమి ఒకసారి పోతే మళ్ళీ రాదు. దాని బదులు వచ్చిన డబ్బు కారుగా, వేడుకగా కరగిపోతే తరువాతి తరానికి మిగిలేది ఏమీ ఉండదు.

నౌపడ మార్గం పదేళ్ళు ఓర్చింది. షాహదరా మార్గం సాధనం మార్చుకొని తిరిగి వచ్చింది. లక్ష్మీ నగర్ మార్గం తగిన గడువు గల ఋణంతో, సకాలంలో ముగిసిన పనితో నిలిచింది. కొత్త ఋణం కోరి శాఖకు వచ్చేవారు దరఖాస్తుతో పాటు సంవత్సరపు పనిదినాల లెక్క, రాబడి మొదలయ్యే నెల, ఒక పంట పోయినా వాయిదా కట్టగల మార్గం, ఈ మూడింటిని ఒక కాగితంపై రాసి తెచ్చినచో మేనేజరుతో సంప్రదింపు సులభమవుతుంది. వాయిదా తేదీని పంట చేతికి వచ్చే కాలానికి అనుగుణంగా నిర్ణయించమని కోరడానికి కూడా ఆ కాగితమే ఆధారమవుతుంది.